ఆమె ఆగిన చోటల్లా

మూడో తరగతి పంతులమ్మకు తన ముఖం మీద గట్టి నమ్మకం. అది తాళం వేసిన బీరువా అనీ, తాళంచెవి తన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదనీ అనుకునేది. ఇరవై రెండేళ్లు పిల్లల ముందు నిలబడి ఆమె సాధించింది ఏదైనా ఉంటే అది ఇదే. ఏడు ఎనిమిదులు ఎంత అంటే ఒకడు నలభై అంటాడు, ఇంకొకతె వంద అంటుంది. ఆమె కనురెప్ప కూడా కదలదు. "అలాగా, ఎలా వచ్చింది?" అని మాత్రం అడుగుతుంది. స్టాఫ్ రూములో తక్కిన టీచర్లు చాటుగా ఆమెను 'గోడ' అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఆ ఏడాది మూడో తరగతి నెత్తిన జాతీయ పరీక్ష వచ్చి పడింది. దేశమంతటికీ ఒకే ప్రశ్నపత్రం, ముప్పై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు గుండ్రాలు. సరైన గుండ్రాన్ని పెన్సిలుతో నల్లగా నింపాలి. ఎనిమిదేళ్ల పిల్లలకు లెక్క చెయ్యడం కన్నా గుండ్రం దాటకుండా నింపడమే పెద్ద పని. మొదటి వారమంతా దానికే సరిపోయింది. ఒకడు గుండ్రాలకు కళ్లూ ముక్కూ పెట్టాడు. ఒక పిల్ల నాలుగూ నింపేసి, "ఏదో ఒకటి రైటవుతుంది కదా టీచర్" అంది. ఆ పిల్లకు 'లాయరు' అన్న పేరు అంతకు ముందునుంచే ఉంది. కాగితానికి చిల్లు పడేదాకా చెరిపి చెరిపి రాసే పిల్లాడొకడు ఉన్నాడు. వాడికి 'రబ్బరు' అన్న పేరు ఆ వారంలోనే స్థిరపడింది.

మెల్లగా తరగతి గాడిన పడింది. అసలు పరీక్ష ఎలా ఉంటుందో నమూనా పరీక్ష కూడా అచ్చం అలాగే ఉండాలని ఆమె పట్టు. బెంచీకి ఇద్దరు, ఇద్దరి మధ్య సంచీ అడ్డం, మాటల్లేవు. ఆమె వరసల మధ్య నెమ్మదిగా నడుస్తుంది. ఎవరి కాగితంలో ఏముందో చూస్తుంది గానీ ఒక్క ముక్క మాట్లాడదు. మార్కులు మెట్లెక్కినట్టు ఎక్కాయి. తరగతి సగటు పదిహేడు, ఇరవై ఒకటి, ఇరవై అయిదు. ఆరోసారికి ఇరవై ఎనిమిది!

హెడ్మాస్టరు నేల మీద నిలవలేదు.

"పై ఆఫీసుకు రాసేశానమ్మా," అన్నాడు వరండాలో ఎదురై.

"ఏమని సార్?"

"ముప్పైకి ఇరవై ఎనిమిది అని. ఇలాంటి మాట పొట్టలో దాచుకోవడం నావల్ల అవుతుందా?"

ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడిచి వెళ్లింది. బస్సులో అయితే ఆ సంతోషాన్ని పది మంది మధ్య ఇరుకున పెట్టినట్టు ఉంటుందనిపించింది.

మర్నాడు పన్ను నొప్పి. డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఏడో నమూనా పరీక్ష పెట్టే పని రెండో తరగతి టీచరుకు అప్పగించి వెళ్లింది. ఆవిడ స్నేహితురాలే, మాటకారి, ఒళ్లు దాచుకునే మనిషి కాదు. మధ్యాహ్నం పంతులమ్మ పన్ను పీకించుకుని, బుగ్గ వాచిన ముఖంతో తిరిగొచ్చి కాగితాలు దిద్దింది. సగటు పదిహేను వచ్చింది. మళ్లీ కూడింది. పదిహేనే.

"ఏం చేశావే నా పిల్లల్ని?"

"నేనేం చేశానూ? కుర్చీలో కూర్చుని మా క్లాసు నోటు పుస్తకాలు దిద్దుకున్నా. పాపం, నీ పిల్లలు మాటిమాటికీ తలెత్తి నన్నే చూస్తున్నారు. నా మొహానికి ఏమన్నా అంటుకుందేమోనని రెండుసార్లు తుడుచుకున్నా కూడాను."

ప్రశ్నలు కష్టమైనవా అంటే అదీ కాదు. మర్నాడు పొద్దున ఆమె ఆ కాగితాల కట్ట బల్ల మీద పెట్టి పిల్లల్నే అడిగింది. ముప్పై ఒక్కమందిలో చివరికి లాయరు లేచి నిలబడింది.

"ఆ టీచర్ తిరగలేదు టీచర్."

"తిరగకపోతే ఏమైంది?"

"తిరగకపోతే ఎలా తెలుస్తుంది?"

"ఏం తెలుస్తుంది?"

ఇంత చిన్న విషయం కూడా విడమరిచి చెప్పాలా అన్నట్టు లాయరు ఆమె వైపు జాలిగా చూసింది. "తప్పో, రైటో."

ఆ తర్వాత ఎక్కం అప్పజెప్పినట్టు తలో మూలనుంచీ వచ్చింది.

"మీరు తప్పు దగ్గర ఆగుతారు టీచర్."

"ఆగి ఊపిరి బిగబడతారు."

"చిన్న తప్పయితే కళ్లద్దాలు పైకి తోసుకుంటారు."

"పెద్ద తప్పయితే చేతులు వెనక్కి పెట్టుకుంటారు."

"మరీ పెద్దదయితే కిటికీలోంచి బయటికి చూస్తారు."

"నా దగ్గరికొస్తే ఎప్పుడూ కిటికీలోంచే చూస్తారు," అన్నాడు రబ్బరు దిగులుగా.

"కొత్తగా చేరినవాడికి తెలీకపోతే నేనే నేర్పించాను టీచర్," అంది లాయరు. మెచ్చుకుంటుందేమోనని కాసేపు ఎదురు చూసింది కూడా.

ఎవరి ముఖంలోనూ తప్పు చేసిన చాయ లేదు. పరీక్షకు తయారవడమంటే ఇదేనని వాళ్లు మనసారా నమ్మారు. పంతులమ్మ నడుస్తుంది, ఆగుతుంది, ఆగిన చోట చెరిపి ఇంకో గుండ్రం నింపాలి. ఆమె కదిలితే జవాబు కుదిరినట్టు.

"ఇది కాపీ కొట్టడం కాదూ?" అంది ఆమె.

"కాపీ అంటే పక్కవాళ్లది చూడ్డం కదా టీచర్. మీరు పక్కవాళ్లు కాదుగా," అంది లాయరు.

ఆమె తల తిప్పింది. కిటికీ అవతల ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్నారు. వెనక బెంచీలోంచి ఒక గుసగుస స్పష్టంగా వినిపించింది: "చూశావా, చాలా పెద్ద తప్పు."

*

ఆమె భర్త దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. బడి నుంచి వచ్చేసరికి మెడలో టేపు వేసుకుని ఎవరిదో చొక్కాకు కాలరు అతికిస్తున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. అతను మిషను ఆపి మరీ నవ్వాడు.

"రెండు వారాలు పట్టిందా పిల్లలకి? నాకు పెళ్లైన మూడో రోజే తెలిసింది."

"ఏం తెలిసింది?"

"నేను కుట్టిన చేతులు రెండూ సమంగా లేవనుకో. నువ్వు 'బాగుందండీ' అంటావు. అని ఊపిరి బిగబడతావు. నువ్వు అటు లోపలికి వెళ్లగానే నేనిటు కుట్టు విప్పేస్తా."

"ఇన్నేళ్ల నుంచీ ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావు. అప్పుడు నాకు దిక్కెవరోయ్ పంతులమ్మా?"

ఆమెకు నవ్వు రాలేదు. పన్ను పీకిన చోట నాలుకతో తడుముకుంటూ కూర్చుంది. చిన్నప్పుడు నాన్న తనచేత ఎక్కాలు ఒప్పజెప్పించిన రోజులు గుర్తొచ్చాయి. ఆమె ఎక్కం చదివేది కాదు, నాన్న ఎడమ కనుబొమ్మ చదివేది. అది లేస్తే నోట్లో ఉన్న అంకె మింగేసి ఇంకోటి చెప్పేది. బడిలో మాస్టారు అడిగితే మాత్రం నోట మాట వచ్చేది కాదు, ఆయన కనుబొమ్మలు వేరు కదా. అప్పట్లోనే ఒట్టు పెట్టుకుంది, తన ముఖంలో ఏ పిల్లా ఏదీ వెతుక్కోకూడదని. ఆ ఒట్టు ముఖం ఒక్కటే నిలబెట్టుకుంది. కాళ్లూ, చేతులూ, ఊపిరీ తమ దారిన తాము పోయి ఊరందరికీ చెప్పేశాయి. తనను తాను మూసేసుకున్నాననుకుంటూ, అన్ని కిటికీలూ తెరిచి ఇరవై రెండేళ్లు బతికింది!

అయితే అసలు గుచ్చుకున్నది అది కాదు. ఆ ఇరవై ఎనిమిదిలో పిల్లలవి ఎన్ని, తనవి ఎన్ని? తను వాళ్లకు నిజంగా ఏమైనా నేర్పిందా? పరీక్ష రోజున గదిలో ఉండేది వేరే బడినుంచి వచ్చే మనిషి. సొంత తరగతి పంతులమ్మ ఆ గది ఛాయలకు కూడా రాకూడదని నియమం. దానికింక పన్నెండు రోజులే ఉంది.

"ఊపిరి మామూలుగా తీసుకోవడం నేర్చుకోవాలండీ," అంది.

"అది పుట్టగానే నేర్చుకుంటారోయ్," అన్నాడు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

*

మర్నాడు ఆమె తరగతి వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. పిల్లలు బెంచీల మీద వెనక్కి తిరిగి కూర్చున్నారు. ముందుకు తిరగమంటే తిరిగారు గానీ, పొద్దుతిరుగుడు పువ్వుల్లా తలకాయలు మళ్లీ అటే వాలిపోయాయి.

ఆ మర్నాడు ఇంకో ఎత్తు వేసింది. అన్ని చోట్లా ఆగుతూ పోవాలనుకుంది. తప్పు దగ్గర ఎంతసేపో ఒప్పు దగ్గరా అంతసేపు ఆగాలి, ఊపిరి బిగబట్టాలి, మధ్యమధ్య ఊరికే కళ్లద్దాలు తోసుకోవాలి. గంటలో గది అల్లకల్లోలమైంది. శుభ్రంగా రాసిన జవాబులన్నీ చెరిపేశారు. తప్పులకు మళ్లీ తప్పులు పెట్టారు. రబ్బరు పొట్టుతో బెంచీలు నల్లబడ్డాయి. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. లాయరు పక్కపిల్ల చెవిలో చెప్పడం ఆమెకు వినబడింది: "టీచర్ పాడైపోయారే."

ఆ మాట నిజమేననిపించింది. నోటితో ఏనాడూ అబద్ధం చెప్పని మనిషి, ఇప్పుడు ఒళ్లంతా పెట్టి అబద్ధాలాడుతోంది.

ఈ గొడవలో ఒకడు మాత్రం చెరపలేదు. రబ్బరు! ఆమె వాడి పక్కన ఆగి, ఊపిరి బిగబట్టి, కిటికీలోంచి కూడా చూసింది. వాడు ఒకసారి తలెత్తి చూసి, తర్వాతి ప్రశ్నకు పోయాడు. ఇరవై నాలుగు పెన్సిళ్లు ఆరుగురికి పంచే లెక్క అది. నాలుగు దగ్గర గుండ్రం నింపి ఉంది.

ఆమె నియమం తప్పి వాడి పక్కన వంగింది. "ఎందుకు చెరపలేదురా?"

"ఇది రైటు టీచర్."

"నేను ఆగాను కదా?"

"ఆగారు." వాడు ఇబ్బందిగా కదిలాడు, పెద్దవాళ్ల తప్పు ఎత్తి చూపాల్సి వచ్చినందుకు. "కానీ ఇది రైటే."

"నీకెలా తెలుసు?"

వాడు పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. "తప్పయితే ఇక్కడ ఒకలా ఉంటుంది టీచర్. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలేస్తాం చూడండి, మెట్టుండదు. అలా. దీనికి అలా లేదు."

పంతులమ్మ వాడి పక్కన ఆ చిన్న బెంచీ మీదే కూర్చుండిపోయింది. చెరిపి చెరిపి చిల్లులు పెట్టే ఈ పిల్లాడికి ఎప్పుడూ లోపల ఒక మెట్టు తప్పుతూనే ఉంది. అది తప్పినప్పుడల్లా వాడు సరిగ్గానే గమనించాడు. కాకపోతే ఆ మెట్టుకూ ఆమె కాళ్లకూ మధ్య నలిగిపోయాడు. తను నేర్పాల్సింది ఇప్పుడు తెలిసింది. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

మరుసటి రోజు ఆమె మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముందు బెంచీలో కూర్చుంది. "ఇవాళ పరీక్ష నాకు. నేను రాస్తాను, మీరు తిరగండి. నేను తప్పు రాసినచోట ఆగాలి. ఆగినవాళ్లు ఎందుకు ఆగారో తర్వాత చెప్పాలి."

గది గొల్లుమంది. ముప్పై ఒక్క చేతులు లేచాయి. మొదట లాయరు నడిచింది. చేతులు వెనక్కి పెట్టుకుని, లేని కళ్లద్దాలు పైకి తోసుకుంటూ నడిచింది. తన నడకలో కుడికాలు కొంచెం ఈడ్చినట్టు ఉంటుందని పంతులమ్మకు అప్పుడే తెలిసింది. ఆమె కావాలని నూట అయిదులోంచి పదిహేడు తీసేస్తే తొంభై రెండు అని నింపింది. లాయరు దర్జాగా దాటిపోయింది. వెనకనుంచి నలుగురు అరిచారు, "ఆగవే, ఆగవే!"

"ఎందుకాగాలి?"

"ఎనభై ఎనిమిది కదే!"

లాయరు వేళ్ల మీద లెక్కేసుకుంది. ముఖం ముడుచుకుంది, విప్పుకుంది. వెనక్కి నాలుగడుగులు వేసి, ఇందాక ఆగవలసిన చోట ఇప్పుడు ఆగింది. ఊపిరి కూడా బిగబట్టింది.

అక్కడుంది కిటుకు. నడిచేవాడు ఆగాలంటే ముందు వాడికే తెలియాలి. ఆ సంగతి పిల్లలు ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. తన వంతు రాకముందే లెక్క చేసి పెట్టుకునే దొంగలు తయారయ్యారు. మూడు రోజుల తర్వాత ఆమె ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టింది, ఒకరు రాయడం, ఒకరు ఆగడం. ఆ తర్వాత ఒక్కొక్కరినే. "ఇప్పుడు తిరిగేదీ నువ్వే, రాసేదీ నువ్వే. తప్పు దగ్గర నీకు ఎక్కడ ఎలా ఉంటుందో చూసుకో." ఒకడికి చెవులు వేడెక్కుతాయట. ఒకతెకు కాలి బొటనవేలు కదులుతుందట. లాయరుకు ఎక్కడా ఏమీ ఉండదట. "నాకు తప్పు రాదు కదా టీచర్" అంది. ఇంకో రెండు రోజులకు తనే వచ్చి, ఎవరూ వినకుండా, "మెడ వెనక దురద" అని చెప్పి పోయింది.

హెడ్మాస్టరు ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరికొచ్చి నోరెళ్లబెట్టాడు. పంతులమ్మ బెంచీలో ఇరుక్కుని ఉంది, మూడడుగుల మనిషి ఒకడు చేతులు వెనక్కి కట్టుకుని ఆమె చుట్టూ పచార్లు చేస్తున్నాడు.

"ఇదేంటమ్మా?"

"మాట్లాడకూడదు సార్, పరీక్ష జరుగుతోంది," అంది లాయరు.

మార్కులు మాత్రం ముందులా ఎక్కలేదు. పదహారు, పద్దెనిమిది, మళ్లీ పదిహేడు, పంతొమ్మిది. ఆమె దిద్దినప్పుడల్లా ఆ చిన్న అంకెలను ఆశగా చూసుకునేది. ఇవి సరిపోతాయో లేదో తెలియదు. ఎవరివో మాత్రం తెలుసు.

*

పరీక్ష రోజున పక్క బడినుంచి వచ్చిన మాస్టారికి జలుబు. సీలు వేసిన కవరుతో గదిలోకి వెళుతూనే తుమ్మాడు. అది పంతులమ్మ చెవిన పడింది. ఆ తుమ్ములకు ఈ పిల్లలు ఏ అర్థాలు తీస్తారో! ఆయన ఎవరి దగ్గర తుమ్మితే వాళ్లు చెరిపేస్తే? వెళ్లి చెప్పడానికి లేదు. ఆమె ఆట స్థలం అవతలి చివర, కుళాయి పక్క అరుగు మీద గంటన్నర కూర్చుంది. మూసిన తలుపు అంత దూరంలో ఉంది. అక్కడినుంచి ఆమె నడకా ఊపిరీ ఎవరికీ పనికిరావు. అలా ఎవరికీ ఏమీ చెప్పకుండా కూర్చోవడం ఆమెకు కొత్త. మొదట భయమేసింది. పోనుపోను ఒళ్లు తేలికపడింది, బరువైన సంచీ ఎవరో అందుకున్నట్టు.

గంట కొట్టారు. తలుపు తెరుచుకుంది. ముందు మాస్టారు వచ్చాడు, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ.

"ఏం పిల్లలమ్మా మీవాళ్లు! పక్కన నిలబడి తుమ్మితే ఒక పిల్ల, కొంచెం అవతలికెళ్లి తుమ్మండి సార్, నాకు నేను వినబడట్లేదు అంది."

ఎవరా పిల్ల అని ఆమె అడగలేదు. ఆయన వెనకే పిల్లలు పొట్లం విప్పినట్టు బయటపడ్డారు. ఆమె లేచి ఎదురెళ్లింది. వాళ్లు వస్తూ వస్తూ మధ్యలోనే ఆగిపోయి, గుంపుగా చేరి తగువులాడుకుంటున్నారు.

"తొమ్మిదీ నలభైకి బయల్దేరిన బస్సు పదీ పదిహేనుకొస్తే ముప్పై అయిదు నిమిషాలేరా!"

"డెబ్బై అయిదు!"

"గంటకి నూరు నిమిషాలా ఏంటి నీకు?"

లాయరు నోరు తెరిచి, మూసి, మెడ వెనక గోక్కుంది. "నేనూ డెబ్బై అయిదే పెట్టాను," అంది. "కాగితం లాక్కునేటప్పుడు తెలిసింది. ఒక్క నిమిషం ఆగి ఉంటేనా!" ఓడిపోయి అంత ఉత్సాహంగా ఉన్న మనిషిని పంతులమ్మ అంతవరకూ చూడలేదు.

"ఆ లెక్క ఏమిటంటే..." అని ఆమె మొదలుపెట్టింది.

"మీరు చెప్పకండి టీచర్," అన్నారెవరో వెనక్కి తిరగకుండానే. "ఇంకా తేలలేదు."

ఆమె పక్కకు జరిగింది. రబ్బరు అంచున నిలబడి ఉన్నాడు.

"ఎన్నిసార్లు చెరిపావురా?"

"రెండే. రెండూ మెట్టు లేనివే."

"నేను గుర్తొచ్చానా?" అడగకూడదనుకుంటూనే అడిగింది.

వాడు నిజాయితీగా వెతుక్కున్నాడు. "లేదు టీచర్. టైం లేదు," అని, తగువులో దూరడానికి మోచేతులతో దారి చేసుకుంటూ పోయాడు.

*

ఫలితాలు నెలన్నరకు వచ్చాయి. హెడ్మాస్టరు కబురు చేశాడు. బల్ల మీద కాగితం ఉంది, దాని మీద ఆయన వేలుంది, వేలి కింద సగటు ఉంది: ఇరవై రెండు.

"మంచిదేనమ్మా, కాదనను. చుట్టుపక్కల బడులకు పంతొమ్మిది దాటలేదు. కానీ నేను పై ఆఫీసుకు ఇరవై ఎనిమిదని రాసి కూర్చున్నాను కదా! ఇప్పుడు వాళ్లడుగుతున్నారు, ఆ ఆరు ఏమయ్యాయని. నేనేం చెప్పేది?"

"ఆ ఆరూ నావి సార్," అంది ఆమె. "పిల్లలవి ఇరవై రెండు."

ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "నీవేంటి? పరీక్ష నువ్వు రాశావా?"

"చాలాసార్లు రాశాను. ఈసారి రాయలేదు."

"ఇదంతా పై ఆఫీసుకు ఎలా రాయను? ఇలా రాస్తే వాళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోరు," అంది పంతులమ్మ హాయిగా, ఆ కాగితం పిల్లలకు చూపించడానికి చేతిలోకి తీసుకుంటూ.